ఉయ్యాల సిపాయి గుడిలో పేరు పిలుపు

మన కొర్లపాడు జీడితోటల నడుమ వెలసిన ఉయ్యాల సిపాయి గుడి బహు చిన్నది. ఉయ్యాలలో మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న మీసాల విగ్రహాన్ని చూసి నవ్వొస్తే ఆపుకోనక్కరలేదు. నవ్వినందుకు స్వామివారు ఆగ్రహించిన దాఖలా లేదు. ఈ పుస్తకం రాసిన నాకు పురాణాలూ రావు, వ్యాకరణమూ రాదు. తప్పులు నావి, మహిమ సిపాయిది.

పూర్వం, అంటే యుగాల కిందట కాదు, బర్మా యుద్ధకాలంలో, ఈ ఊరి కింతలి పోలన్న పల్టనులో చేరాడు. కంచరగాడిదల మీద కొండలపైకి మందుగుండు, మంచినీళ్లు చేర్చడం అతని పని. శత్రువును కాల్చింది లేదు గానీ, గాడిదల చేత తన్నులు దండిగా తిన్నాడు. దండు వెనక్కి మళ్లిన రోజున, నడవలేని ఇద్దరు సిపాయిలను వదల్లేక అడవిలోనే ఉండిపోయాడు. ఉన్న ఒక్క గాడిద మీద వంతులవారీగా ఎక్కించి, నాలుగు నెలలకు వారిని కొండలు దాటించాడు. ఆపైన జ్వరాలతో ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో పడి ఉన్నాడు.

ఇంటికి మాత్రం ఆచూకీ లేదని తంతి వచ్చింది. రెండేళ్లు చూశారు. పాపం, ఆత్మ ఆకలితో తిరుగుతుందేమోనని ఊరివారే జాలిపడి దినకర్మ జరిపించారు. భార్య దాలమ్మ చేతి గాజులు తీయించారు.

ఆ మరుసటి నెలలో పోలన్న సంచీ భుజాన వేసుకొని వచ్చాడు. జనం ముందుగా అతని పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని చూశారు.

"నానేటి దెయ్యాన్నా? ఆకలేస్తంది, తప్పుకోండి," అన్నాడు పోలన్న.

పంతులుగారు అడ్డుపడ్డారు. "నీకు పిండం పెట్టేశాం నాయనా. మళ్లీ పుడితే గాని గడప దాటరాదు. ఉయ్యాలలో వేసి పేరు పిలవాలి."

పోలన్న గడప లోపల నిలబడ్డ దాలమ్మను చూశాడు. సంచీ దించి, పంచలో దూలానికి కట్టిన ఉయ్యాల ఎక్కాడు. దూలం కిర్రుమంది.

అయితే పేరు పిలవడానికి అతనికి తల్లి లేదు, మేనత్త లేదు. పిలిచేవారు లేకపోతే ఆ జన్మకు అతను వీధిలోనే. దాలమ్మ ముందుకు వచ్చింది.

"ఓలమ్మ! మొగుడి పేరు పలికితే ఆయుస్సు తగ్గిపోద్దే!" అని ముత్తైదువలు గోల పెట్టారు.

"ఒకపాలి చచ్చొచ్చినోడికి ఇంకేటి తగ్గుద్ది?" అని ఆమె వంగి, అంతవరకు నోట పలకని ఆ పేరును అతని చెవిలో మూడుసార్లు పిలిచింది.

మూడో పిలుపుకు, బాంబులకు బెదరని సిపాయి పుట్టిన బిడ్డలాగే ఏడ్చాడు.

"లక్షణంగా ఏడ్చాడు, లోపలికి తీసుకుపోండి," అన్నారు పంతులుగారు.

ఆ వారమే దాలమ్మ మెడలో మళ్లీ తాళి కట్టి, పోలన్న మరో నలభై ఏళ్లు బతికాడు. అతను పోయాక ఊరివారు ఈ గుడి కట్టి, విగ్రహం ఎదుట ఆనాటి ఉయ్యాలను వేలాడదీశారు.

నేటికీ సెలవు ముగిసి దండుకు వెళ్లే జవానును ఈ ఉయ్యాలలో కూర్చోబెట్టి, భార్య అతని చెవిలో పేరు పిలుస్తుంది. పిలుపు విన్నవారు క్షేమంగా ఇల్లు చేరతారని నమ్మకం. తిరిగి రానివారి భార్యలూ వస్తారు. ఉత్త ఉయ్యాల ఊపుతూ పిలుస్తారు. వారికి మూడుసార్లన్న లెక్క లేదు. ఆ సమయంలో గంట కొట్టరాదు.