సొర్లపేట కంచుగంట

అనగనగా, సముద్రం ఇప్పటికన్నా నాలుగు బారలు వెనక్కి ఉన్న కాలంలో, సొర్లపేట అనే రేవు ఉండేది. ఆ రేవులో ఒక పెద్ద కంచుగంట ఉండేది.

ఒకనాడు ఉప్పెన వచ్చింది. గంట కాసే సింహాద్రి ఆగకుండా గంట కొట్టాడు. విన్నవాళ్ళు ఇసుకదిబ్బ ఎక్కి బతికారు. సింహాద్రి మాత్రం తాడు వదల్లేదు, తిరిగి రాలేదు. గంట ఒక్కటే నిలిచింది.

నలభై ఏళ్ళు గడిచాయి. ఆనాడు బతికినవాళ్ళలో అరవైమంది మిగిలారు. సాయంత్రాలు పడవల పక్కన కూర్చుని, కొట్టుకుపోయిన పాత పేటను ఇల్లు ఇల్లుగా చెప్పుకునేవారు. ఎవరి గుమ్మం ముందు మునగచెట్టు ఉండేదో, ఎవరింటి పులుసు వాసన రేవుదాకా వచ్చేదో! చెప్పుకుంటుంటే నవ్వొచ్చేది, కళ్ళూ చెమ్మగిల్లేవి.

ఆ దేశపు రాజు కీర్తివర్ధనుడు మంచివాడే గాని తొందర మనిషి. "ఉప్పెనలో బతికిన పెద్దలకు పతకాలిస్తాను. వాళ్ళను కాపాడిన ఆ గంటనే కరిగించి చేయండి" అన్నాడు. ఊరంతా మురిసిపోయింది.

ఇప్పుడు గంటకు కాపలా సింహాద్రి భార్య పోలమ్మ. ఆమె ఒక్కతే ఒప్పుకోలేదు. మొదట గంట దించి కరిగించడానికి కంచరి వచ్చాడు. "గంట దిగదు నాయనా" అంది. తర్వాత మంత్రి వచ్చాడు. "దిగదు బాబూ" అంది. మూడోసారి రాజే వచ్చాడు.

"గంట పోతే రేపు పిల్లలకెవరు చెప్తారు మారాజా?"

"నలభై ఏళ్ళుగా రాని ఉప్పెన ఇప్పుడొస్తుందా అవ్వా?"

"సరే. దించేముందు ఒక్కసారి నన్ను గంట కొట్టనియ్యండి."

గంట దించే రోజున రాజు రేవులో విందు పెట్టాడు. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. పోలమ్మ తాడు పట్టుకుంది. ఆగకుండా గంట కొట్టింది.

ముసలివాళ్ళంతా ఎంగిలి చేతులతోనే లేచారు. వాళ్ళ మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో! అందిన పిల్లలనల్లా పట్టుకుని దిబ్బ మీదికి పరుగు తీశారు. ఆ మోతకు అర్థం తెలియని పడుచువాళ్ళు కదల్లేదు. "తాతకేమైంది?" అని నవ్వారు. రాజుగారి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పోలమ్మ తాడు వదిలింది. "మారాజా, నిజంగా ఉప్పెనే వచ్చుంటే, ఆ దిబ్బ మీదున్నవాళ్ళే మిగిలేవారు. తమరూ ఉండేవారు కాదు."

రాజు లేచి తల వంచాడు. గంట దిగలేదు. రేవు మట్టినే కాల్చి, చిన్న గంట బొమ్మతో పతకాలు చేయించాడు. మొదటిది సింహాద్రి పేరున పోలమ్మకిచ్చాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి, "చూశావా మావా, నీ గంట ఇంకా పలుకుతోంది" అని ఏడ్చేసింది.

అప్పటినుంచి ఏటా ఆ రోజున గంట మోగేది. ఊరంతా దిబ్బ ఎక్కేది. ముసలివాళ్ళను చెయ్యి పట్టి ఎక్కించిన బిడ్డకు ఆ ఏటి పతకం.

పిల్లలూ, పెద్దలను బతికించినదాన్ని రేపటివాళ్ళ కోసం నిలబెట్టడమే ఆ పెద్దలకు అసలైన సన్మానం.