గిజిగాడు అల్లిన మూడు చాపలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎవరికీ చదువు రాదు, కానీ చాప చూసి సంగతి తెలుసుకోవడం మాత్రం అందరికీ వచ్చు. ఏం చాపలని అడగరేం? చెబుతాను. ఆ కాళ్ళు ఊపడం ఆపి వినండి.

ఆ అడవిలో పోగయ్య అని ఒక గిజిగాడు ఉండేవాడు. అల్లికలో వాడిని మించినవాడు లేడు. అడవిలో ఎవరి ఇంట్లో ఏముందో తెలియాలంటే వాడు అల్లిన చాప చూడాల్సిందే. చాపలో అడ్డంగా ఉన్న ఒక్కో వరస ఒక్కో ఇంటిది. ఆ వరసలో ముందు ఆ ఇంటి ముడి ఉంటుంది. కుందేలు దూదమ్మది రెండు చెవుల ముడి. పుట్టినప్పుడు వేసిన ఆ ముడి చచ్చేదాకా మారదు. ముడి పక్కన పిల్లలెందరో అన్ని పూసలు. ఆ పక్కన ఇల్లెక్కడో. గుట్ట మీద ఉంటే ఎర్రగడ్డి, వాగు ఒడ్డున ఉంటే పచ్చగడ్డి.

పోగయ్య అలాంటి చాపలు మూడు అల్లాడు. మేత చాప చూసి కోతి పిల్లతల్లులకి పూసకో కట్ట చొప్పున మేత మోసుకెళ్ళేది. మందు చాప చూసి గోరింక పిట్ట జబ్బుపడ్డవాళ్ళకి ఆకు పసరు తీసుకెళ్ళేది. వాన చాప నీటికుక్కలది. వాగు పొంగితే పచ్చగడ్డి ఉన్న ఇళ్ళకి ఈదుకుంటూ వెళ్ళి, పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని గట్టుకి చేర్చేవి. "నీళ్ళొస్తే ఎవరూ పరుగెత్తకండి. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి. మేమొస్తాం" అని వాటి మాట.

గిజిగాడు గూడు కడితే ఆడపక్షి వచ్చి చూసి, బాగుంటేనే ఒప్పుకుంటుంది. పోగయ్య పెళ్ళాం నారమ్మ చాపల్ని కూడా అలాగే చూసింది.

"ఏమయ్యా, ఇల్లెక్కడన్నది మూడు చాపల్లోనూ ఎందుకు? పిల్లలెందరన్నదీ మూడింట్లోనూ ఎందుకు? ఆ రెండూ ఒక్క ఇళ్ళ చాపలో అల్లు. మిగతా వాటిలో ముడి ఒక్కటి వెయ్యి, చాలు. ముడి చూసి ఇళ్ళ చాప దగ్గరికి వెళ్ళి తెలుసుకుంటారు" అంది.

పోగయ్యకి ఒళ్ళు మండింది. "రెండు చాపలు చూడమంటే కోతి ఊరుకుంటుందా? నా చాప చూస్తే అన్నీ అందులోనే కనబడాలి. అడవంతా మెచ్చుకుంటుంటే నీకు మాత్రం ఏదో ఒక వంక!" అన్నాడు.

"మరి ఎవరైనా ఇల్లు మారితే?"

"మూడు చోట్లా మారుస్తాను. నాకు ముక్కు లేదా?" అన్నాడు.

ముక్కు ఉంది. లేనిది తీరికే.

ఎండలు ముదిరిన రోజుల్లో దూదమ్మకి ముగ్గురు పిల్లలు పుట్టారు. కళ్ళు కూడా సరిగ్గా తెరవని పసిగుడ్లు. ఇంతలో గుట్ట మీద ఆమె బొరియ పక్కన పాము చేరింది. దూదమ్మ బెదిరిపోయి, పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని వాగు ఒడ్డుకి మారిపోయింది. మారగానే పోగయ్య దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఇల్లు మారాం. ఇప్పుడు వాగు ఒడ్డున ఉంటున్నాం. మేత అక్కడికి పంపించు" అంది.

"అలాగే చెల్లీ" అని పోగయ్య మేత చాపలో ఎర్రగడ్డి లాగేసి పచ్చగడ్డి పెట్టాడు. మిగతా రెండూ సాయంత్రం చూద్దామనుకున్నాడు. సాయంత్రం ఇంకేదో పని తగిలింది.

కొన్నాళ్ళకి దూదమ్మ చిన్నపిల్లకి జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. గోరింక మందు చాప చూసి గుట్ట మీదికి ఎగిరింది. అక్కడ పాము తప్ప ఎవరూ లేరు. వెతికి వెతికి వాగు ఒడ్డుకి వచ్చేసరికి పొద్దు వాలింది. అదృష్టం బాగుండి పిల్ల బతికింది.

పోగయ్య సిగ్గుపడి మందు చాప దిద్దాడు.

"ఆ చేత్తోనే వాన చాప కూడా దిద్దెయ్యవయ్యా" అంది నారమ్మ.

"ఆకాశంలో మబ్బు తునక లేదు. రేపు చూద్దాంలే" అన్నాడు పోగయ్య.

ఆ రేపు రాలేదు, వాన వచ్చింది. ఒక మధ్యాహ్నం ఎక్కడో కొండల మీద కురిసి వాగు ఒక్కసారిగా పొంగింది. నీటికుక్కలు వాన చాప చూశాయి. రెండు చెవుల ముడి పక్కన ఎర్రగడ్డి ఉంది. "దూదమ్మ గుట్ట మీదుంది. ఆమెకేం భయం లేదు" అనుకుని, పచ్చగడ్డి ఉన్న ఇళ్ళకి వెళ్ళాయి. అక్కడివాళ్ళందరినీ గట్టుకి చేర్చాయి. వాటి తప్పేం లేదు పాపం.

బొరియలోకి తడి వస్తోంది. పిల్లలు ఏడుస్తున్నారు.

"ఏడవకండి. నీటికుక్క మామలు వస్తారు. మనం ఎక్కడున్నామో పోగయ్య మామకి చెప్పానుగా" అంది దూదమ్మ.

నీళ్ళు పాదాలు దాటాయి. దూదమ్మ ఇంకా ఎదురుచూసింది. పొట్ట దాకా వచ్చాయి. అప్పుడిక ఆగలేక, చేతికందిన పిల్లని నోట కరుచుకుని గట్టుకి ఈదింది. ఆ పిల్లని పెట్టి వెనక్కి దూకింది. బొరియ లేదు. నీళ్ళే ఉన్నాయి. అలిసిపోయిన తల్లిని నీటికుక్కలు చూసి గట్టుకి లాగాయి గానీ, మిగతా ఇద్దరూ దొరకలేదు.

మర్నాడు పోగయ్య గట్టు మీదికి వచ్చాడు. దూదమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నీకు చెప్పాను కదా అన్నా" అంది.

"చెప్పావమ్మా" అన్నాడు.

అంతలో కోతి వచ్చింది. దాని చేతుల్లో మూడు కట్టల లేత గడ్డి ఉంది. మూడూ దూదమ్మ ముందు పెట్టింది.

"ఒక్కటి చాలు మామా. రెండు తీసుకెళ్ళు" అంది దూదమ్మ.

కోతికి ఏమీ తెలియదు. "అదేంటమ్మా? నీ ముడి పక్కన మూడు పూసలున్నాయి, ఇందాకే చూసుకుని వచ్చాను" అంది.

దూదమ్మ అప్పటిదాకా ఏడవలేదు. ఆ కట్టల మీద తల పెట్టి అప్పుడు ఏడ్చింది. పోగయ్య అక్కడ నిలబడలేకపోయాడు.

ఇంటికి వెళ్ళి మూడు చాపలూ విప్పేశాడు. అడవంతా మెచ్చుకున్న అల్లికని పోగు పోగుగా లాగేశాడు. మొదట ఒక్క ఇళ్ళ చాప అల్లాడు. ఎవరెక్కడుంటారో, పిల్లలెందరో అందులోనే. మేతకీ, మందుకీ, వానకీ వేరే చాపలు అల్లి, వాటిలో ముడులు మాత్రం వేశాడు.

ఇళ్ళ చాపలో రెండు చెవుల ముడి పక్కన పచ్చగడ్డి పెట్టలేదు, గట్టు మీది గడ్డి పెట్టాడు. ఒక్క పూస గుచ్చాడు.

నారమ్మ ఎప్పటిలాగే వచ్చి చాప చూసింది. ఈసారి వంక పెట్టడానికేమీ లేదు. "ముందే ఇలా అల్లి ఉంటే" అనబోయి, ఆ ఒక్క పూసని చూసి ఊరుకుంది. మొగుడి పక్కన కూర్చుని తనూ కళ్ళు తుడుచుకుంది.

నీతి: ఒక సంగతిని ఒక్క చోటే పెట్టుకోవాలి. పది చోట్ల పెడితే, అది మారిన రోజున మనం దిద్దడం మరిచిన ఆ ఒక్క చోటే ఎవరి ప్రాణం మీదికో తెస్తుంది.