భుజం పక్కన కర్ర

సుంకమ్మకు తిండి సయించడం మానేసింది. కారణం పిచ్చుకలు.

లాలమ్మవ్వ ఆశ్రమంలో ఒక పద్ధతి ఉంది. కొర్రల సంచి ఎవరి నడుముకు ఉంటే వాళ్ళే పొద్దున తోటలో పిట్టలకు గింజలు చల్లాలి, తర్వాత అవ్వ వెంట చెరువుకు నడవాలి. అక్కడ మాటలుండవు. తిరిగొచ్చాక, అంబలి తాగే ముందు, ఏం చూసిందీ అవ్వకు చెప్పాలి. అంతే. కానీ ఆ కాస్త నడక కోసమే సుంకమ్మ ఇల్లూ వాకిలీ వదిలి వచ్చింది. ఏళ్ళుగా ఆ సంచి ఆమెదే.

మొన్న ఎండాకాలంలో కుళ్ళాయమ్మ వచ్చింది. మంత్రం నోటికి రాదు, పాడితే గొంతు కలవదు. అయినా తోటలో ఊరికే కూచుంటే చాలు, పిచ్చుకలు ఆమె ఒళ్ళోకి దిగుతాయి. సుంకమ్మ గింజలు చల్లితే మాత్రం గోడ మీద బారుగా కూచుని, ఈమె ఎప్పుడు లోపలికి పోతుందా అని కాచుకుంటాయి.

"ఏం మందు పెట్టినావే వాటికి?" అంది సుంకమ్మ, నవ్వుతున్నట్టే.

"మందేముందక్కా? నేను కదలను. నాకెప్పుడూ నిద్రే."

అది విన్న అవ్వ, "రేపు ఇద్దరూ రాండి చెరువుకు," అంది.

సుంకమ్మ నడుముకున్న సంచిని గట్టిగా పట్టుకుంది. సంచి చెయ్యి మారబోతోంది.

తెల్లారి అవ్వ కుళ్ళాయమ్మను తుమ్మచెట్టు కింద కూచోబెట్టింది. సుంకమ్మను నీళ్ళ అంచున కూచోమంది. తన చేతికర్రను ఆమె భుజం పక్కనే బురదలో దిగేసి, తాను వెనక గట్టు మీదికి పోయింది.

సుంకమ్మ చూసింది. తెల్లకొంగ ఒకటి కుళ్ళాయమ్మ కాళ్ళ దాకా నడిచొచ్చింది. బుల్లి పిట్టొకటి తోకాడించుకుంటూ ఆమె చీర కొంగు మీదికెక్కింది. ఎక్కనీ, నెత్తి కూడా ఎక్కనీ, అనుకుంది సుంకమ్మ. కళ్ళు మండుతున్నా అటునుంచి తిప్పుకోలేదు. ఎండెక్కేదాకా అలాగే చూసింది.

తిరిగొచ్చాక అవ్వ ముందు చిన్నదాన్నే అడిగింది. "ఏం చూసినావే?"

"కునుకు పట్టేసిందవ్వా. ఏమీ చూళ్ళేదు."

సుంకమ్మ అన్నీ చెప్పింది. కొంగ ముక్కు రంగు చెప్పింది, ఎన్నిసార్లు మెడ వంచిందో చెప్పింది, బుల్లి పిట్ట చీర కొంగును ఎక్కడ పొడిచిందో చెప్పింది. "అన్నీ దాని దగ్గరికే పోయినాయవ్వా. నా దగ్గరికి ఒక్కటంటే ఒక్కటి రాలే."

అవ్వ చెంబులో తన కొంగు తడిపి సుంకమ్మ భుజం తుడిచింది. తెల్లటి రెట్ట. కొంత పచ్చిగా, కొంత ఎప్పుడో ఎండిపోయి, రవిక వెనక దాకా చారలు కట్టి ఉంది. అందులో అంటుకున్న చేప పొలుసొకటి గిల్లి తీసి, ఆమె అరచేతిలో పెట్టింది.

సుంకమ్మ ఆ పొలుసును చాలాసేపు చూసింది.

"ఏం పిట్టవ్వా?"

"నన్నడుగుతావేందే? పొద్దన్నుంచీ నీ పక్కనే, నా కర్ర మీదే కూచోనుండె కదా."

సుంకమ్మ నడుము నుంచి సంచి విప్పి కుళ్ళాయమ్మ ఒళ్ళో పెట్టింది. అంబలి ముట్టకుండానే లేచింది.

"యాడికక్కా, ఈ ఎండలో?"

"పోనీలేవే," అంది అవ్వ. "నా కర్ర ఇంకా ఆడే ఉండాది."