పడుగులో పడ్డ మేక

ఖాదరు పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు.

జరిగింది ఇది. ఎవరో మొక్కుకుని దర్గాకిచ్చిన మేకపోతుని చూసుకునే పని అతనిది. తెల్లవారుజామున నమాజుకి వేళ మించిపోతోందని తాడు గుంజకి ఊరికే చుట్టేసి వెళ్లాడు. దర్గా కొండకింద సాలెవీధిలో చీరలు నేసే నాంచారమ్మ అప్పుడే నిలువు పోగుల పడుగు చాపి గంజి పెట్టింది. ఎంత పొడుగు పడుగో, వీధి ఈ చివరనించి ఆ చివరదాకా! మేకకి గంజి వాసన తగిలింది. నాకింది, నమిలింది, కాళ్లు చిక్కుకుంటే గింజుకుంది. పోగులు పటపటా తెగాయి. దర్గా మేక కదా అని వీధిలో ఒక్కరూ కర్ర ఎత్తలేదు. చేతులు జోడించి "పో సామీ, పో" అన్నారట, పాపం.

ఖాదరు పరిగెత్తి వెళ్లి నాంచారమ్మ కాళ్లమీద పడ్డాడు.

"కాళ్లు పట్టుకుంటే పోగులు అతుక్కుంటాయా అబ్బాయ్? లే, పడుగు తొక్కుతున్నావు. పెళ్లివాళ్ల చీరలివి. ఆలస్యమైతే ఇంకో మగ్గం చూసుకుంటారు. అప్పుడు నేనేం తినాలి?"

అతను గురువు హుసేన్ బాబా దగ్గరికొచ్చి కళ్లు తుడుచుకున్నాడు.

"కావాలని చేయలేదు బాబా. నమాజుకే కదా వెళ్లాను. తౌబా చేసుకున్నాను, తప్పయిందని అల్లాకి చెప్పుకున్నాను. రోజంతా ఉపవాసముంటాను."

"పొద్దున్నే అక్కడ పడుగు చాపుతారని తెలుసా?"

"తెలుసు."

"మన మేకని ఎవరూ అదిలించరని?"

"తెలుసు బాబా."

"ముడి లాగి చూశావా?"

"లేదు బాబా."

బాబా లేచాడు. కర్ర పట్టుకుని, ఖాదరు వెంట రాగా, మెల్లగా కొండ దిగాడు. పడుగు పక్కన గొంతుక్కూచుని తెగిన కొసలు వెతకసాగాడు.

"అయ్యో, మీకెందుకు బాబా!" అంది నాంచారమ్మ.

"మేక మాది కదమ్మా. ఎలా అతకాలో చూపించు."

ఆవిడ వేళ్లు తడిచేసుకుని రెండు కొసలూ కలిపి పురి పెట్టింది. బాబాకి చూపానడం లేదు, పోగు దొరికినట్టే దొరికి జారిపోతోంది. ఖాదరు చూసి చూసి అవతలి పక్కన కూర్చున్నాడు.

"అంత లావు ముడా? మగ్గంలో ఆడొద్దూ?" అని నాంచారమ్మ ఖాదరు చేత విప్పించి మళ్లీ వేయించింది.

ఎండెక్కింది. గంజి బిరుసెక్కుతోంది. ఖాదరు ఉండబట్టలేక అడిగాడు.

"నా మనసులో ఏ చెడ్డా లేదని అల్లాకి తెలుసు కదా బాబా?"

"తెలుసు నాయనా. నీ మనసు మంచిదే," అన్నాడు బాబా, పోగు మీంచి చూపు తిప్పకుండా. "దెబ్బ తగిలింది దానికి కాదు, ఈ పోగులకి."