ఇసుకబల్ల మీద మువ్వ

ఓడినవాళ్లందరూ బల్లనే తిడుతున్నారని బొల్లనకు బాధ.

కోటగోడ ఎక్కే ముందు ఆ సైన్యంలో ఒక ఆచారం ఉండేది. ఇద్దరు దళనాయకులు ఇసుకబల్లకు అటూ ఇటూ కూర్చుని కొయ్యబంట్లతో యుద్ధం ఆడేవారు. ఓడినవాడి దళం మర్నాడు మొదటి నిచ్చెన ఎక్కాలి. మొదటి నిచ్చెన ఎక్కి తిరిగి వచ్చినవాళ్లు తక్కువ.

బల్ల మీద నేల తీర్చే పని బొల్లనది. గురువు విరూపయ్యకు చూపు తగ్గాక ఆ పని ఇతనికి వచ్చింది. బొల్లన పాచికలు వేసేవాడు. అవి చెప్పినచోట రాయి పెడితే కొండ, వేపరెమ్మ గుచ్చితే తోపు, నీలిగుడ్డ పరిస్తే వాగు.

ఆ రోజు గుండయ దళంలోని బంటు ఒకడు నీళ్ల కోసం వచ్చి, బల్లను చూసి ఆగాడు.

"మా అన్న చచ్చింది కోటగోడ దగ్గర అనుకుంటున్నారయ్యా అందరూ. కాదు. ఇదిగో, ఇక్కడ."

బొల్లన గురువు దగ్గరికి వెళ్లాడు.

"స్వామీ, ఒక్క రాయి కూడా నేను ఎంచి పెట్టలేదు. అంతా పాచికలే. పాచికలకు చుట్టాలు లేరు కదా. నా తప్పేముంది?"

గురువు లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. మర్నాటి ఆటకు బల్ల సిద్ధంగా ఉంది. కొండలన్నీ తూర్పున పడ్డాయి. పడమర వట్టి ఇసుక, బంట్లకు చాటు లేదు.

"రేపు ఎవరెవరు?"

"గుండయ, కాటయ. ఎవరు ఎటు కూర్చోవాలో పొద్దున చీట్లు తీస్తారు."

"మీ మారయ ఎవరి దళం?"

"కాటయ దళం, స్వామీ."

కొడుకు మారయను పాలపళ్లు ఊడకముందే దూరాన ఉన్న శిబిరానికి విద్యకు పంపాడు బొల్లన. వాడు అక్కడే పెరిగాడు. ఇప్పుడు కనబడితే సైనికుల బారులో కనబడటమే. వాడి చిన్నప్పటి కాలిమువ్వ ఒకటి బొల్లన మొలతాడుకు ఉంటుంది.

"ఆ మువ్వ ఇటివ్వు," అన్నాడు గురువు.

దాన్ని పడమటి వైపు, వట్టి ఇసుకలో పెట్టాడు.

బొల్లన చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి అతని చెయ్యి వెళ్లి తూర్పు కొండ ఒకటి తీసి మువ్వ ముందు పెట్టింది.

"అది పాచికలు పెట్టిన కొండేగా?" అన్నాడు గురువు.

 బొల్లన కొండను వెనక్కి పెట్టలేదు.

గురువు మువ్వను తీసి తూర్పున పెట్టాడు. బొల్లన వంగి చూశాడు. వాగును కొంచెం జరిపాడు. మువ్వ మళ్లీ పడమరకు వచ్చింది. ఒక తోపు కదిలింది. మళ్లీ తూర్పుకు.

దీపాల వేళకు మువ్వ ఇటు పెట్టినా బొల్లన చెయ్యి లేవలేదు. అటు పెట్టినా లేవలేదు.

గురువు మువ్వ తిరిగి ఇచ్చేశాడు.

"పాచికలు మానకు. అవి వేశాక ఇది పెట్టు."

పొద్దున చీట్లు తీశారు. కాటయకు పడమర వచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఎవరు గెలుస్తారో ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి కాటయ ఓడాడు.

అతను బల్లను ఒకసారి కలియజూశాడు. తిట్టలేదు.

"నేల బాగా తీర్చావు బొల్లనా," అని లేచాడు.

వెనక బల్లేలవాళ్లలో మారయ కూడా లేచాడు. నిచ్చెన తాళ్లు చూసుకోవడానికి మిగతావాళ్లతో కలిసి వెళ్లిపోయాడు.

అందరూ వెళ్లాక బొల్లన ఇసుక మట్టానికి తల వంచి పడమటి వైపు నుంచి చూశాడు. చుట్టూ తిరిగి వచ్చి తూర్పు నుంచి చూశాడు. ఒక కొండ మీదికి చెయ్యి వెళ్లింది. అక్కడే ఆగి వెనక్కి వచ్చింది. మార్చవలసింది ఎక్కడా కనబడలేదు.

అప్పుడు బల్ల పక్కన కూలబడి ఏడ్చాడు.

గురువు ఆపలేదు. తానూ పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి, ఇసుకలో పడి ఉన్న పాచికలు తడిమి ఏరి అతని చేతిలో పెట్టాడు.

"ఎల్లుండి ఇంకో రెండు దళాలు కూర్చుంటాయి నాయనా. ఆ మువ్వ పారేసుకోకు."