ఇక్కడ పాటలు వాయించం

దేవసహాయం మాస్టారిని ఏదైనా అడగదలచినవాళ్లు ముందు ఆయన నోటివంక చూసేవారు. క్లారినెట్ వాయించేవాళ్లు ఊదేముందు రీడ్‌ని, అంటే వాద్యం మూతికి బిగించే ఆ పల్చటి బద్దని, నోట్లో పెట్టుకుని తడుపుకుంటారు. మిగతావాళ్లకు అది కాసేపటి పని. మాస్టారికి మాత్రం ఎదుటివాళ్ల సందేహం ఎంత పెద్దదైతే రీడ్ అంత ఎండిపోయినట్టు అనిపించేది. నోట్లో బద్ద పెట్టుకు కూర్చున్న మనిషి చేత మాట్లాడించడం ఎవరి తరం? అడిగినవాళ్లు అడిగి అడిగి విసుగెత్తి, చివరికి తమ వాద్యం తాము తీసుకునేవారు.

ఆయన శిష్యురాలు హెప్సిబా ఒక సోమవారం సాయంత్రం ఆయన గుమ్మంలో నిలబడి ఇలా అడిగింది: “మాస్టారూ, ఏది వస్తే అది వాయించమన్నారు. పాటే వస్తే ఏం చెయ్యాలి?”

వినడానికి తమాషాగా ఉన్నా ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ అడిగిన ప్రశ్న ఇది. ఇది అర్థం కావాలంటే ఒక మేడ సంగతి చెప్పాలి.

గుంటూరులో ఒక మోటారు వైండింగ్ షాపు మేడమీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం కొందరు కూడేవారు. దాదాపు అందరూ ఒకప్పుడు పెళ్లిళ్లలో బ్యాండు మేళం వాయించినవాళ్లే. వాళ్లకి పెద్ద దేవసహాయం మాస్టారు. ఒక పెళ్లి ఊరేగింపులో మగపెళ్లివారి కుర్రాళ్లు కారు ముందు గంతులేస్తూ ఒకే సినిమా పాటని మళ్లీ మళ్లీ వాయించమన్నారు. వీధి మలుపు తిరిగినా అదే, పెదాలు వాచినా అదే. ఇక లాభం లేదని ఇంకో పాట ఎత్తుకోబోయిన డ్రమ్ముల విరూపాక్షాన్ని ఆ కుర్రాళ్లు కాలరు పట్టుకుని, “చెప్పింది వాయించరా” అన్నారు. ఆ మాటకి మాస్టారికి ఒళ్లు మండిపోయింది. పాట ఆపేసి, నడివీధిలో, అప్పటికప్పుడు తనకు తోచింది ఊదడం మొదలుపెట్టారు. దానికి పల్లవి లేదు, తాళం లేదు, ఎవరినీ మెప్పించాలనీ లేదు. విరూపాక్షం వెనకనుంచి అందుకున్నాడు. పెళ్లివారు మేళాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. తర్వాత ఆ ఊళ్లో వాళ్లని పిలిచినవాళ్లు లేరు, పిలిపించుకోవాలని వాళ్లూ చూడలేదు. తలా ఒక పని వెతుక్కుని, ఆదివారాలకి ఆ మేడ అద్దెకు తీసుకున్నారు. మొదటిరోజే మాస్టారు ఒక అట్టమీద ఎర్ర రంగుతో “ఇక్కడ పాటలు వాయించం” అని తన చేత్తోనే రాసి గోడకి మేకు కొట్టారు. నాకైతే అంత మంచి అక్షరాలు ఏ సంగీతసభ బోర్డుమీదా కనిపించలేదు.

వాళ్లు చేసే ఆ గోలని బయటిదేశాల్లో ఫ్రీ జాజ్ అంటారని, రికార్డులు పోగుచేసే పిచ్చి ఉన్న ఒక లెక్చరరు గారు విని చెబితే గాని వాళ్లకి తెలియదు. తెలిశాక కూడా పెద్దగా పొంగిపోలేదు. లెక్చరరు గారు మాత్రం తనలాంటివాళ్లని ఇంకో నలుగురిని పోగేసుకుని వచ్చి, చాపమీద కూర్చుని తల ఊపుతూ వినేవారు.

హెప్సిబా వాళ్లందరిలో చిన్నది. ఆమె తండ్రి అదే మేళంలో సాక్సాఫోన్ వాయించాడు. ఊపిరి చాలక ఆయన దాన్ని పెట్టెలో పెట్టి మూసేశాక అది కూతురి చేతికొచ్చింది. ఆమెది ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. వారమంతా డాక్టరు చెప్పింది, పేషెంటు చెప్పింది, పేషెంటు బంధువులు చెప్పింది చేస్తూ బతికే మనిషి, ఆ మేడమీద ఒక్కచోటే తన ఇష్టప్రకారం గాలి పీల్చి వదిలేది. అది పోతే తనకి ఇంకేం మిగలదని ఆమెకి బాగా తెలుసు.

ఆ ఆదివారం అందరూ మంచి ఊపుమీద ఉన్నారు. ట్రంపెట్ గుర్రుమంటోంది, విరూపాక్షం డ్రమ్ముల్ని చితక్కొడుతున్నాడు, హెప్సిబా కళ్లు మూసుకుని ఊదుతోంది. ఎక్కడినుంచి ఊడిపడిందో, ఆమె సాక్సాఫోన్‌లోంచి ఒక పాట వచ్చేసింది. అప్పగింతలప్పుడు బ్యాండువాళ్లు వాయించే పాత పాట. దాని చివర్లో తండ్రి ఊపిరి కోసం కొంచెం ఆగి మళ్లీ ఎత్తుకునేవాడు. ఆ ఆగడంతో సహా వచ్చింది. డ్రమ్ములు ఆగిపోయాయి. ట్రంపెట్ ఆగిపోయింది. చాపమీద లెక్చరరు గారు అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టారు. ఆమె బెదిరి ఆపేశాక గాని, పాట అడుగున క్లారినెట్ కూడా సన్నగా ఒక స్వరం పట్టుకుని ఉందని తెలియలేదు. అప్పటికి అదీ ఆగిపోయింది.

విరూపాక్షం డ్రమ్ము పుల్లతో గోడమీది అట్టని చూపించాడు. “ఏందమ్మా ఇది? ఆ పాటల్ని వదిలించుకోడానికే గదా కాలర్లు పట్టించుకుని, కూడు పోగొట్టుకుని ఈ మేడెక్కింది! వాటిని మళ్లీ నువ్వు చెయ్యి పట్టుకుని పైకి తీసుకొస్తావా?”  అతని గొంతులో కోపం కన్నా పాత అవమానమే ఎక్కువ. “వచ్చే ఆదివారం అందరి ముందూ తప్పయిందని చెప్పు. చెప్పనంటే నీకూ మాకూ చెల్లు.”

మిగతావాళ్లు వాద్యాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. మాస్టారు క్లారినెట్ తుడుచుకుంటూ ఉండిపోయారు.

అందుకే మర్నాడు ఆమె ఆ గుమ్మంలో నిలబడి అంత పట్టుగా అడిగింది. మాస్టారు రీడ్ నోట్లో పెట్టుకుని, ఆమెవంకే చూస్తూ, చాలాసేపు తడిపారు. చివరికి తీసి, “ఆదివారం రా. పెట్టె మర్చిపోకు” అన్నారు. అంతే.

హెప్సిబా దాన్ని తనకి అనుకూలంగా అర్థం చేసుకుంది. తప్పయిందని చెప్పడమా? ప్రాణం పోయినా చెప్పదు. వారమంతా డ్యూటీ దిగి ఇంటికొచ్చి అదే పాట సాధన చేసింది. పక్క గదిలోంచి తండ్రి దగ్గు మధ్యలో, “ఆగే చోట ఇంకాస్త ఆగవే, తొందరేముంది” అని దిద్దాడు. శనివారానికల్లా పాట వంక పెట్టడానికి వీల్లేకుండా తయారయింది.

ఆదివారం ఆమె ఎవరినీ పలకరించలేదు. తిన్నగా వెళ్లి ఆ అట్ట కిందే నిలబడి, విరూపాక్షం కళ్లలోకి చూస్తూ పాట ఎత్తుకుంది. ఎక్కడా తొట్రు లేదు. తండ్రి ఆగినచోట ఆగింది, ఎత్తుకున్నచోట ఎత్తుకుంది. ట్రంపెట్ వాయించే పెద్దాయన కళ్లు చెమర్చాయి. లెక్చరరు గారు లేద్దామా కూర్చుందామా అని చాపమీద కదులుతున్నారు. ముగించి, ఇప్పుడేమంటారు అన్నట్టు గడ్డం ఎత్తి మాస్టారివైపు తిరిగింది. మాస్టారి క్లారినెట్ ఒళ్లోనే ఉంది. ఒక్క స్వరం కూడా కలపలేదు.

ఆయన రీడ్ నోట్లోంచి తీశారు. “పోయిన ఆదివారం అది వచ్చింది. ఇవాళ నువ్వు తీసుకొచ్చావు.”

హెప్సిబాకి తల కొట్టేసినట్టయింది. నిజమే, ఈ వారమంతా తాను ఊదింది పాట కాదు, విరూపాక్షం మీది కసి. అది తనకే తెలిసిపోయింది. దించిన తల ఎత్తకుండానే, “అయితే తప్పు నాదే. నాది తప్పయి...” అంటూ అందరివైపూ తిరిగింది.

“చెప్పు, గట్టిగా చెప్పు” అన్నాడు విరూపాక్షం, పుల్లతో అట్టమీద తడుతూ.

మాస్టారు చెయ్యెత్తి ఆమెని ఆపారు. స్టూలు లాక్కుని, దానిమీదికెక్కి, మేకు పట్టుకుని అటూ ఇటూ ఊపి అట్టని ఊడదీశారు. గోడమీద దాని మేర తెల్లగా మిగిలింది. దిగి, అట్టని మూలకి విసిరేసి, అదే స్టూలుమీద కూర్చుని, “ఊఁ, వాద్యం ఎత్తు” అన్నారు హెప్సిబాతో.

ఆమె ఎత్తింది. ఏం వాయిస్తుందో ఆమెకే తెలియదు. ఆ సంగతి ఆ వారంలో మొదటిసారి ఆమెకి హాయిగా అనిపించింది.

విరూపాక్షం మూలకి పరుగెత్తి అట్టని తీసి గుండెకి పెట్టుకున్నాడు. “ఇదేం అన్యాయం మాస్టారూ! దీనికోసమే కదా మనం అన్నీ వదులుకుంది. ఇది రాసింది మీరు కాదూ?”

రీడ్ అప్పటికే ఆయన నోట్లో ఉంది. ఎవరికోసమూ రెండుసార్లు తియ్యని మనిషి, తీశారు.

“నేనేరా. ఆ హుకుం పెళ్లివారి దగ్గర నేర్చుకున్నాను.”