గుగ్గిలం గడ్డ

కానుగ నూనెతో ఇంజను ఎందుకు ఆడదో యాకూబ్‌కి అంతుబట్టలేదు.

దర్గా బావి మీద ఓ పాత డీజిల్ ఇంజను ఉంది. అది ఆడితేనే కొండవాలులో కొత్తగా నాటిన మొక్కలకి నీళ్ళు. డీజిల్ కొనే బాధ లేకుండా మన చెట్ల కానుగ గింజలే గానుగాడించి, ఆ నూనే పోద్దామన్నాడు యాకూబ్. గురువు జమాల్ షా బాబా సరేనన్నారు. వేసవంతా అందరూ గింజలు ఏరారు. తీరా ఆ నూనె పోస్తే ఇంజను నాలుగు దగ్గులు దగ్గి, నల్లపొగ కక్కి, ఆగిపోతోంది.

యాకూబ్ సంగతి కొంచెం చెప్పాలి. మంచివాడే. కాకపోతే ఏదైనా చాలలేదంటే ఇంకాస్త పొయ్యడమే అతనికి తెలిసిన వైద్యం. ఇంజను నీరసంగా ఉందని నూనె ఇంకా ఎక్కువ వదిలాడు. పొగా ఇంకా ఎక్కువైంది.

హ్యాండిల్ తిప్పడానికి తోడొచ్చిన హుసేనప్పకీ అదే వైద్యం. హుసేనప్ప లారీ డ్రైవరు. భార్య పోయినప్పట్నుంచీ మాట బంద్. మనసు కుదుటపడుతుందేమోనని దర్గాకి వస్తే, కాస్త కనిపెట్టుకుని ఉండమని బాబా అతన్ని యాకూబ్‌కి అప్పగించారు. ఇంకేముంది, ఓర్పు గురించీ, చావుపుట్టుకల గురించీ పొద్దస్తమానం ఒకటే ఊదర. పాపం, అతను తల ఊపేవాడు.

ఆ సాయంత్రం హుసేనప్ప మూట కట్టి ఇంజను షెడ్డు గోడకి ఆనించి పెట్టాడు. పొద్దున బస్సుకి వెళ్ళిపోతాడన్నమాట. అది చూసేసరికి యాకూబ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. ఇటు ఇంజనూ దక్కలేదు, అటు మనిషీ దక్కలేదు.

బాబా అటుగా వస్తే అడిగాడు. "దీపంలో పోస్తే చక్కగా వెలిగే నూనె, ఇంజనులో ఎందుకు మండదు బాబా?"

బాబా జోలెలోంచి గుగ్గిలం గడ్డలు తీశారు. దర్గా ఉర్సు పండగలో కాగడాల మీద కొట్టడానికి ఉంచినవి. షెడ్డు ముందు వెలుగుతున్న కాగడా మీద ఒకటి పెట్టమన్నారు. పెట్టాడు. మంట అణిగి పొగొచ్చింది.

"ఇంకోటి పెట్టు."

"ఆరిపోతుంది బాబా."

బాబా ఇంకో గడ్డ విరిచి, ఓ ముక్కని రాయితో నూరారు. చిటికెడు పొడి కాగడా మీదికి విసిరారు. భగ్గుమని మంట చూరుదాకా లేచింది. హుసేనప్ప ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

యాకూబ్ కాసేపు ఆ మంటనే చూశాడు. తర్వాత గబగబా వెళ్ళి, ఇంజనులోకి నూనె చిమ్మే నాజిల్ ఊడదీసి బయటపెట్టి, హ్యాండిల్ తిప్పమన్నాడు. మంచులా చిమ్మాల్సిన నూనె దారంలా సాగుతూ పడింది. ఇంత చిక్కటిది ఆ పొడిలా విడిపోయేదెలా? గడ్డకట్టిన నెయ్యిలాగే దీన్నీ వెచ్చబెట్టాలి.

నాజిల్ మళ్ళీ బిగించి, నూనె వచ్చే రాగి గొట్టాన్ని ఇద్దరూ కలిసి పొగ పోయే సైలెన్సరుకి చుట్టారు. డబ్బా అడుగున మిగిలిన డీజిల్‌తో ఇంజను స్టార్ట్ చేశారు. సైలెన్సరు బాగా కాలాక కానుగ నూనెకి మళ్ళించారు. ఇంజను ఒక్కసారి తడబడి, అంతలోనే నిలదొక్కుకుంది. పొగ పలచబడింది. కాలవలోకి నీళ్ళు దూకాయి.

యాకూబ్ ఆనందం పట్టలేకపోయాడు. "చూశావా అన్నా, ఇందులో ఎంత అర్థముందో! మనిషి జన్మ కూడా ఇట్లాంటిదే, ఎట్లాగంటే..."

అప్పటిదాకా చూస్తూ నిలబడ్డ బాబా మిగిలిన గుగ్గిలం గడ్డని యాకూబ్ అరచేతిలో పెట్టి, దర్గా వైపు నడిచి వెళ్ళిపోయారు.

యాకూబ్ గడ్డ వంక చూశాడు. గోడ దగ్గరున్న మూట వంక చూశాడు. నోరు మూసుకుని కాలవ గట్టున హుసేనప్ప పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి ఒక్క మాట అడిగాడు.

"మీ ఇంటామె పేరేంది అన్నా?"

"మాబున్ని," అన్నాడు హుసేనప్ప నీళ్ళకేసి చూస్తూ. "నా లారీ చప్పుడు సందు మొదట్లోనే గుర్తుపట్టేది. నేను దిగేసరికి టీ నీళ్ళు మరుగుతా ఉండేవి."

ఇంజను ఆడుతూనే ఉంది. అతను చెబుతూనే ఉన్నాడు. యాకూబ్ ఆ గడ్డని పిడికిట్లో బిగించి పట్టుకుని విన్నాడు.